నా పుట్టలో వేలు పెడితే కుట్టనా? పిల్లల పుస్తకం ఎప్పుడు నిలుస్తుంది

అబిడ్స్‌లో ఆదివారం షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆ కుప్పల్లో పాత చందమామ ఒకటి కనబడిందా, యాభై దాటినవాళ్లు వంగి తీసుకోకుండా ముందుకు పోలేరు. అట్ట నిమురుతారు, లోపలి బొమ్మలు చూస్తారు, బేరం కూడా గట్టిగా ఆడరు. వెంట వచ్చిన మనవడు మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఇంకా ఎంతసేపు తాతా" అంటాడు.

పిల్లల పుస్తకాల గురించి మాట్లాడేటప్పుడు మనం మొట్టమొదట తికమకపడేది ఇక్కడే. తాతగారు కొన్నది తన చిన్నతనాన్ని. అందులో తప్పేమీ లేదు, డబ్బులు ఆయనవే. కానీ పుస్తకం నిలిచిందని చెప్పడానికి ఆయన సంబరం సాక్ష్యంగా చెల్లదు. ఏ జ్ఞాపకమూ లేని ఐదేళ్ల పిల్ల ఇవాళ మొదటిసారి విని, అయిపోగానే "మళ్లీ చెప్పు" అంటే అదీ సాక్ష్యం. వారం రోజులపాటు అదే కథ అడిగి అమ్మ ప్రాణం తీస్తే మరీ మంచిది.

ఈ "మళ్లీ" అనే మాటను నేను కాస్త దగ్గర్నుంచే చూస్తున్నాను. నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం సాయంత్రాలు పిల్లలకు కథలు చదివి వినిపిస్తుంటాను. రెండు కార్ల మధ్య చాప వేస్తే పదిమంది పడతారు. స్కూటీల మీద కూర్చునే పెద్దపిల్లలు ఇంకో నలుగురు, విననట్టు నటిస్తూ వింటారు. నేను కొన్న ఖరీదైన పుస్తకాలు చాలావరకు ఒక్క ఆదివారంతో సరి. అట్ట లేని, బొమ్మ లేని, ఎవరు అల్లారో తెలియని కథ ఒకటి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా చెల్లుతూనే ఉంది. ఏడు చేపల కథ.

అందరికీ తెలిసిన కథ కాబట్టి ఎవరూ దాన్ని విప్పి చూడరు. ఒకసారి చూద్దాం.

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెట్టారు. అందులో ఒక చేప ఎండలేదు. "చేపా చేపా, ఎందుకెండలేదు?" గడ్డిమోపు అడ్డమొచ్చింది. "గడ్డిమోపూ గడ్డిమోపూ, ఎందుకు అడ్డమొచ్చావు?" ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదు? పాలేరు మేపలేదు. పాలేరు ఎందుకు మేపలేదు? అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ ఎందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడ్చాడు. ఎందుకేడ్చాడు? చీమ కుట్టింది. "చీమా చీమా, ఎందుకు కుట్టావు?" "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" ఊరిని బట్టి పాలేరు బదులు గొల్లవాడు, అవ్వ బదులు అమ్మ వస్తారు. చట్రం మాత్రం ఇదే.

ముందు మాటలు లెక్కపెట్టండి. జవాబుల్లో ఏదీ మూడు మాటలు దాటదు. చివర చీమ చెప్పేదొక్కటే పొడుగు వాక్యం. అన్ని బుల్లి అడుగుల తర్వాత ఆ పొడుగు వాక్యం రాగానే పిల్లల గొంతు దానంతటదే లేస్తుంది, సెల్లార్ దద్దరిల్లుతుంది. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టినట్టే ఉంటుంది. నిజానికి ఎంతమంది అమ్మమ్మల నోళ్లలో నలిగిందో, అక్కర్లేని మాట ప్రతిదీ అరిగిపోయింది.

తర్వాత క్రియలు చూడండి. మేయలేదు, మేపలేదు. ఆవు చేసేది మేయడం, మనిషి చేసేది మేపడం. ఒక్క అక్షరం మారితే పని ఎవరిదో మారిపోయింది. నాలుగేళ్ల పిల్లకు ఈ తేడా బోర్డు మీద రాసి చెప్పగల మాస్టారు నాకు ఎక్కడా తగల్లేదు. కథ చెప్పేస్తుంది. చేపా, ఆవా, చీమా అని పిలవడం, ఎండలేదు, పెట్టలేదు అని కాదనడం, ఎందుకు అని నిలదీయడం, ఇంత చిన్న కథలో ఇన్ని ఉన్నాయి. పాఠం వాసన మాత్రం ఎక్కడా రాదు.

ఇక ఆట. మొదటిసారి వింటున్న పిల్లకు కూడా తర్వాతి ప్రశ్న ఏమిటో తెలిసిపోతుంది, జవాబు మాత్రం తెలియదు. రెండోసారికి జవాబూ తెలుసు. అప్పట్నుంచి కథ చెప్పే హక్కు తనది. మా చాప మీద రెండో వారం నుంచి నేను ప్రశ్నలు అడుగుతాను, జవాబులు వాళ్లవి. ముగింపు తెలిసిపోయింది కాబట్టి పెద్దవాళ్లం ఒక కథ మళ్లీ చదవం. ముగింపు తెలుసు కాబట్టే పిల్లలు మళ్లీ అడుగుతారు. ఎప్పుడు లేవాలో, ఏ చొక్కా వేసుకోవాలో, ఇవాళ ఏం కూరో, అన్నీ వేరేవాళ్లు తేల్చేసే వయసు అది. ఇక మీదట ఏం జరగబోతోందో వాళ్లు ముందే చెప్పగలిగే చోటు కథ ఒక్కటే.

మా నల్లకుంటకు నారాయణగూడ ఎంతో దూరం లేదు. అక్కడి బాలానంద సంఘాన్ని నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే తెలుగువాళ్ల రేడియో అన్నయ్య, అక్కయ్య, ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. 1945లో "బాల" పత్రిక మొదలుపెట్టిన వాళ్లు, రేడియోలో మాత్రం పిల్లలకు చెప్పడం కంటే పిల్లల చేత చెప్పించడమే ఎక్కువ చేశారు. మైకు ముందు తప్పులు మాట్లాడినా, నవ్వినా, గొంతు పిల్లలదే.

చేపల కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంకోటుంది. అది రాజుగారింట్లో మొదలై చీమ దగ్గర ఆగుతుంది. అందర్నీ ప్రశ్నలడుగుతూ వచ్చినవాళ్లకు చీమ ఎదురు ప్రశ్న వేస్తుంది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చేప చివరికి ఎండిందా? తెలియదు. చీమకు శిక్ష పడిందా? లేదు. పిల్లాడిది తప్పని ఎవరైనా అన్నారా? అనలేదు. ఇదే కథను ఇవాళ ఏదో ఒక కమిటీ చేతిలో పెడితే చివర "కాబట్టి పిల్లలూ, చీమల పుట్టలో వేలు పెట్టరాదు" అని ఒక ముక్క కలిపి గానీ వదలరు. ఆ ముక్కతో చీమ నోరు మూతపడుతుంది, కథ అక్కడికి ఖతం.

ఆ ముక్క కలపాలని ఎందుకనిపిస్తుందంటే, ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. చదివేవాళ్లు కొనరు, కొనేవాళ్లు చదవరు. రాసేది పెద్దవాళ్లు, అచ్చేసేది పెద్దవాళ్లు, స్కూలు లైబ్రరీకి లిస్టు తయారుచేసేది పెద్దవాళ్లు, ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు పర్సు తీసేదీ పెద్దవాళ్లే. అక్కడ పిల్లల పుస్తకాల స్టాల్ ముందు ఓ పావుగంట నిలబడితే చాలు. పుస్తకం వెనక్కి తిప్పి, "దీంట్లో నీతి ఏముందండీ?" అని అడుగుతారు, బిస్కెట్ ప్యాకెట్ మీద విటమిన్లు వెతికినట్టు. పెట్టిన డబ్బుకు ఏదో ఒకటి గిట్టుబాటు కావాలి. నీతి కావాలి, లేదంటే జనరల్ నాలెడ్జ్, అదీ కాకపోతే ఇంగ్లీషు. రాసేవాళ్లకు ఈ అడగడం అలవాటైపోయి, అడగకముందే సర్దుతారు. పుస్తకం అమ్ముడుపోతుంది. ఇంటికెళ్లాక "మళ్లీ" అనాల్సిన మనిషి మాత్రం ఆ బేరంలో లేదు.

నేనూ రాశాను అలాంటిది. నా మొదటి పుస్తకం. కాలనీలో వేపచెట్టు కొట్టేయడానికి వస్తే ఇద్దరు పిల్లలు ఆపుతారు, అదీ కథ. చివరి పేజీలో చెట్టు నోరు తెరిచి ఆక్సిజన్ గురించి మాట్లాడుతుంది. ఆవిష్కరణ సభలో పెద్దలు తెగ మెచ్చుకున్నారు, శాలువా కప్పారు. తర్వాతి ఆదివారం సెల్లార్‌లో చదివాను. చెట్టు ఉపన్యాసం మొదలుపెట్టేసరికి చాప అంచున ఉన్న ఇద్దరు మెల్లగా జరిగి సైకిళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. అయిపోయాక రెండో ఫ్లోర్ అబ్బాయి చాలా మర్యాదగా, "ఆంటీ, దీని మీద క్వశ్చన్స్ అడుగుతారా?" అన్నాడు. ఆ పుస్తకానికి అంతకంటే నిజమైన సమీక్ష రాలేదు.

తర్వాత తీసి చూసుకుంటే అందులో ప్రాణమున్న చోటు ఒకటి కనబడింది. చెట్టెక్కిన పిల్లకు దిగడం రాదు. దాన్ని నేను రెండు వాక్యాల్లో దాటేసి ఆక్సిజన్ వైపు పరిగెత్తాను. ఇప్పుడు రాస్తే పుస్తకమంతా అదే ఉంటుంది. పైన దిగడం రాని పిల్ల, కింద రంపంతో వచ్చిన మనుషులు, "ముందు నన్ను దింపండి" అని ఏడుపు. నిచ్చెన ఎవరింట్లో ఉందో తెలియదు. చెట్టు ఒక్క మాట కూడా మాట్లాడదు.

మరి పంచతంత్రం నీతికథలే కదా, అవి నిలవలేదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. 6వ శతాబ్దంలోనే పారశీకుల పహ్లవీ భాషలోకి, 8వ శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్లి, అక్కణ్నుంచి యూరప్ చుట్టేసిన కథలవి. తెలుగులో చిన్నయసూరి 1853లో "నీతిచంద్రిక"గా రాశారు. అయితే అందులోని నీతి బుక్ ఫెయిర్‌లో అడిగే నీతి కాదు. లోకంలో నెగ్గుకురావడం ఎలా అన్న లౌక్యం, రాజనీతి. మిత్రభేదంలో దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకూ మధ్య పుల్లలు పెట్టి, ఎద్దును సింహం చేతే చంపించి, తను మాత్రం హాయిగా ఉంటాడు. ఈ కథ చెబుతుంటే స్కూటీల మీది పెద్దపిల్లలు కూడా నటన మానేసి దగ్గరికి జరిగారు. ప్రతి క్లాసులోనూ ఒక దమనకుడు ఉంటాడు, వాడికి శిక్ష పడకపోవడం వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. తమకు తెలిసిన లోకం కథలో కనబడితే పిల్లలు ఎంతసేపైనా వింటారు.

పాత చందమామ దగ్గరికి మళ్లీ వస్తాను. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికలో తాతగారి మురిపెం తీసేసి చూసినా మిగిలేది చాలా ఉంది. 1950ల నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని వెనక ఉన్న కొడవటిగంటి కుటుంబరావు, వచ్చిన కథలను తిరగరాసేవారు. అందుకే ఎవరు రాసినా ఒకే గొంతు వినిపిస్తుంది. విశేషణాలు తక్కువ, వర్ణనలు ఇంకా తక్కువ. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏం చేశారు, తర్వాత ఏమైంది. పెద్దల కథల్లో అంత పదునుగా రాసిన మనిషి పిల్లల దగ్గర తన గొంతు పక్కనపెట్టారు. అది చేతకావడం అంత సులువు కాదు.

బేతాళ కథల సంగతి కూడా అంతే. మూలంలో ఉన్నవి 25 కథలే. అవి అయిపోయినా చట్రం ఉంచుకుని లోపల కొత్త కథలు పెడుతూ దశాబ్దాలు నడిపారు. విక్రమార్కుడు మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్తాడు, మళ్లీ శవాన్ని భుజానేసుకుంటాడు, శంకర్ గీసిన ఆ బొమ్మ మళ్లీ కనబడుతుంది, చివర మళ్లీ ప్రశ్న. చేపల కథలోని కిటుకే ఇక్కడా పనిచేస్తోంది. తెలిసిన దారి, చివర నిలదీసే ప్రశ్న. నేను ఆ ప్రశ్న దగ్గర పుస్తకం మూసి పిల్లల్నే జవాబు అడుగుతాను. విక్రమార్కుడి తీర్పుతో మావాళ్లు సగంసార్లు ఒప్పుకోరు. ఒకసారి వాదన లిఫ్ట్ దాకా వెళ్లింది.

ఇక భాష. హైదరాబాద్‌లో అసలు చిక్కుముడి ఇదే. మా చాప మీది పిల్లల్లో ఎక్కువమందికి తెలుగు వినడం వచ్చు, మాట్లాడటం వచ్చు, చదవడం మాత్రం నత్తనడక. స్కూళ్లలో తెలుగు తప్పనిసరి చేస్తూ తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది, మంచిదే. కానీ మార్కుల కోసం చదివే తెలుగును ఎవరూ పడుకునే ముందు చదువుకోరు. కాబట్టి ఇక్కడ పిల్లల పుస్తకం ముందు అమ్మ నోట్లోనో నాన్న నోట్లోనో పడాలి. హైటెక్ సిటీ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చిన నాన్న రాత్రి పదింటికి మంచం మీద చదువుతాడు. ఆయన నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పుస్తకం మూతపడుతుంది. "ఉపాధ్యాయుడు ఆగ్రహించి విద్యార్థులను మందలించెను" అని రాస్తే ఆయన పని అయిపోయినట్టే. "సారుకు కోపమొచ్చింది" అంటే నాన్న కూడా సారులా మొహం పెట్టి చదువుతాడు.

పిల్లల కోసం రాసేటప్పుడు వత్తులు వాడొద్దని చాలామంది సలహా ఇస్తారు. అది సగమే నిజం. "చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా, తోటకెళ్లావా, పండు తెచ్చావా, గూట్లో పెట్టావా, గుటుక్కు మింగావా." దీన్నిండా వత్తులే. ట్ట, మ్మ, ళ్ల, చ్చ, క్క. నోటికి అవి ఆటవస్తువులు. "గుటుక్కు" అన్నచోట గొంతులో నిజంగానే ఏదో దిగినట్టుంటుంది. చెవికి వరమైన ఆ వత్తే, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్ల కంటికి గోడలా అడ్డం నిలబడుతుంది. అంటే వినిపించే పుస్తకం వేరు, పిల్ల తనంతట తాను చదువుకునే పుస్తకం వేరు. మనం రెండింటినీ కలిపి ఒకే పుస్తకం వేసి, రెండూ కాకుండా చేస్తాం.

అమెరికాలో డాక్టర్ స్యూస్ అనే పిల్లల రచయిత 1960లో, తన పబ్లిషర్‌తో పందెం కాసి, కేవలం 50 వేర్వేరు మాటలతో ఒక పుస్తకమంతా రాశారు. తెలుగులో మాటలు ఇలా లెక్కపెట్టడం కుదరదు. "తిను" ఒక్కటే చూడండి. తిన్నాడు, తినింది, తినలేదు, తిననంది, తినిపించింది, తినకపోతే. ఇది ఒక మాటా, ఆరు మాటలా? మన దగ్గర లెక్క వేయాల్సింది అక్షరాల రూపాలు. మొదటి పుస్తకంలో ఎన్ని గుణింతాలు, ఎన్ని వత్తులు, ఒక్కో మాట ఎంత పొడుగు అని. వినిపించే పుస్తకానికైతే ఊపిరి లెక్క. ఒక్క గుక్కలో చదవగలిగిందే ఒక వాక్యం.

యాస గురించి నాకు పాఠం చెప్పింది మా వాచ్‌మన్ కూతురు. పాలమూరు వైపు వాళ్లు. ఒక పుస్తకంలో పిల్లాడు "నాన్నగారూ, నేను బడికి వెళ్లివస్తాను" అంటే, తను పక్కపిల్ల చెవిలో, "గిట్ల ఎవరు మాట్లాడ్తరు?" అంది. నాకు వినబడింది. నిజమే, ఎవరు మాట్లాడ్తరు? అప్పట్నుంచి నా అభిప్రాయం ఒకటే. కథ నడిపే తెలుగు అందరికీ తెలిసినంత తేలికగా ఉండాలి, కథలోని పిల్లలు మాత్రం వాళ్ల ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఇంట్లో మాటతో పాటు ఇల్లు కూడా లోపలికి వస్తుంది. ఈ ఊళ్లోనే ఉన్న అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన "డిఫరెంట్ టేల్స్" సిరీస్ ఆ పని చేసింది. గోగు శ్యామల వంటి రచయితల చేత, అంతకుముందు పిల్లల పుస్తకాల్లో చోటు దొరకని ఇళ్ల బాల్యాన్ని రాయించి, తెలుగుతో పాటు ఇంగ్లీషు, మలయాళాల్లోనూ వేశారు.

కొత్త వస్తువులు రాస్తే పుస్తకం పాతబడుతుందని ఇంకో భయం. ఫోన్ రాయొద్దు, యూట్యూబ్ రాయొద్దు అంటారు. 1950ల నాటి బుడుగును తీసుకోండి. ముళ్లపూడి వెంకటరమణ దాన్ని రాసింది పెద్దలు చదివే వారపత్రికలో. ఇంటికొచ్చి చదువు చెప్పే ఆ రోజుల ప్రైవేటు మాస్టారు అందులో ఉన్నాడు. ఆ రోజులు పోయాయి, బుడుగు పోలేదు. ఆ గొంతు పాతబడలేదు, బాపు గీసిన ఆ కుర్రాడి నిలబడే తీరూ పాతబడలేదు. కథ నడవడానికి ఆ వస్తువే ఇరుసైతే వస్తువుతో పాటు కథా మూలపడుతుంది. గొంతు ఇరుసైతే వస్తువు ఏదైనా ఫరవాలేదు.

బొమ్మల గురించి మనం మాట్లాడేది తక్కువ, కానీ చాలా పుస్తకాలు చచ్చేది అక్కడే. ముందు కాగితం లెక్క తెలియాలి. ప్రెస్సులో పెద్ద షీటును మడతపెడితే 16 పేజీల ఫారం వస్తుంది. రెండు ఫారాలు కలిపి మధ్యలో పిన్ను కొడితే 32 పేజీలు. ప్రపంచమంతా బొమ్మల పుస్తకానికి ఇదే కొలత, కవితాత్మక కారణమేమీ లేదు. ఆ 32 పేజీల్లో మాటకూ బొమ్మకూ పని ఎలా పంచాలన్నదే విద్య. అమెరికాలో పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలు గీసిన మారిస్ సెండాక్ 1963లో వేసిన "వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్" పుస్తకంలో ఉన్నవి 338 మాటలు. అల్లరి చేసినందుకు అన్నం పెట్టకుండా గదిలోకి పంపితే కోపమొచ్చిన పిల్లాడి కథ. కోపం పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, పేజీ అంచుల్ని తినేస్తుంది, చివరికి మూడుసార్లు పేజీ తిప్పినా ఒక్క మాట ఉండదు, బొమ్మే. కోపం దిగేకొద్దీ మాటలు తిరిగొస్తాయి. ఆఖరి పేజీలో బొమ్మ అసలు లేదు, అన్నం ఇంకా వేడిగానే ఉందని చెప్పే చిన్న ముక్క ఒక్కటే.

మన దగ్గర రచయిత అన్నీ రాసేసి, తర్వాత "పేజీకో బొమ్మ వేయండి" అని ఆర్టిస్టుకు పంపుతారు. "ఎర్ర చొక్కా వేసుకున్న రాము గోడ దూకాడు" అని రాసి ఉంటుంది. పక్కన ఎర్ర చొక్కా రాము గోడ దూకుతుంటాడు. ఒకే కూర రెండుసార్లు వడ్డించినట్టు. అక్కడ "రాము బుద్ధిగా హోంవర్క్ చేసుకుంటున్నాడు" అని రాసి, బొమ్మలో మాత్రం వాణ్ని గోడ మీద కూర్చోబెట్టి చూడండి. అక్షరాలు రాని పిల్ల బొమ్మ చూసేసి, అక్షరాలు వచ్చిన నాన్నను దిద్దుతుంది. "హోంవర్క్ ఏం లేదు నాన్నా, గోడ మీదున్నాడు చూడు!" ఆ పేజీ కోసం రేపు రాత్రి మళ్లీ అడుగుతుంది.

మంచి రంగులు, మందపాటి కాగితం కావాలంటే ఖర్చు. మా తరానికి ఆ సరదా తీర్చినవి మాస్కోలో తెలుగులోనే అచ్చయి విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు. ఖర్చు ఆ ప్రభుత్వం భరించింది కాబట్టి ఆ ధర. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, పుస్తకాలు రావడం ఆగింది. వాటిలో కొన్నింటిని తార్నాకలోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ వేసి, కొత్తవాటితో పాటు తక్కువ ధరకే అమ్ముతున్నారు. పుస్తకం నిలవాలంటే ముందు అది దొరకాలి. అడిగినప్పుడు దొరకని పుస్తకం ఎంత గొప్పదైనా లేనట్టే.

నా రెండో పుస్తకం గతి అదే. మొదటిదానికంటే వంద రెట్లు నయం, చెట్టూ లేదు, ఉపన్యాసమూ లేదు. ఒక ప్రచురణకర్త వేశారు, వెయ్యి కాపీలు అయిపోయాయి. మళ్లీ వేయమంటే ఫైళ్లు పోయాయన్నారు. బొమ్మలు వేసినాయన దగ్గర మూడే ఒరిజినల్స్ మిగిలాయి, ఒకదాని మీద టీ మరక. పిల్లల కోసం రాసేవాళ్లు అక్షరాల గురించి ఎంత ఆలోచిస్తారో, బొమ్మల ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, పునర్ముద్రణ హక్కు ఎవరిది అన్నదాని గురించి కూడా అంతే ఆలోచించి కాగితం మీద పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

చేపల కథకు ఆ గొడవ లేదు. మొన్న కరెంటు పోయి లిఫ్ట్ ఆగిపోతే మెట్లు దిగుతున్నాను. కింద వాచ్‌మన్ గది ముందు ఆ పిల్ల తన తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెబుతోంది. నేను మలుపు దగ్గరే ఆగాను.

"చాపా చాపా, ఎందుకెండలె?"

"ట్యాంకు నిండి నీళ్లు గారినయి."

"ట్యాంకూ ట్యాంకూ, ఎందుకు నిండినవ్?"

"మోటర్ బంద్ చెయ్యలె."

"ఎందుకు బంద్ చెయ్యలె?"

"నాయిన లేకుండె."

"నాయినా నాయినా, ఏడికి వొయినవ్?"

"మూడో ఫ్లోర్ ఆంటీ పార్సిల్ తెమ్మన్నది."

మూడో ఫ్లోర్‌లో ఉండేది నేనే. పార్సిల్ కూడా నిజమే, పుస్తకాలది.

"ఆంటీ ఆంటీ, నువ్వే ఎందుకు తెచ్చుకోలె?"

"బాబు ఏడ్చిండు."

మా ఇంట్లో బాబు ఎవరూ లేరు. కథకు కావాలి కాబట్టి పెట్టింది.

"బాబూ బాబూ, ఎందుకేడ్చినవ్?"

"చీమ కుట్టింది."

ఆ పిల్ల ఊపిరి తీసుకునేలోపే తమ్ముడు ఒళ్లోంచి లేచి నిలబడి, మెట్లన్నీ మోగిపోయేలా అరిచాడు.

"నా పుట్టల ఏలు వెడితే కుట్టనా?"